తెరచాప పడవకు తరుగు

మా ఆయనకు సూర్యాపేటలో ఒక పేరుంది. సెకండ్ హ్యాండ్ వస్తువు ఏది కొనాలన్నా ఆయనను వెంట తీసుకుపోవాలి, న్యాయమైన ధర ఆయన నోటి వెంటే రావాలి అని. ఈ పేరు ఎవరు పెట్టారో నాకు తెలియదు. ఆయనే పెట్టుకొని ఉంటాడు. ఒకసారి పేరంటూ వచ్చాక మా ఊళ్ళో ఎవరూ దాని పుట్టుక అడగరు.

ఆయన పద్ధతిని పెళ్ళయినప్పటి నుంచీ చూస్తున్నాను. బండి దగ్గరికి పోతాడు. ముందు దాని వైపు చూడడు, పక్కనున్న గోడ వైపు చూస్తాడు. తర్వాత ముందు టైరును కుడికాలితో ఒక తన్ను తంతాడు. తల వంచి ఆ చప్పుడు వింటాడు. అప్పుడు అమ్మేవాడితో కాకుండా ఆకాశంతో మాట్లాడుతున్నట్టు ఒక అంకె చెప్తాడు. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే "అనుభవం" అంటాడు. ఆ అనుభవంతోనే చికెన్ సెంటర్ కోసం ఒక పాత ఫ్రీజరు కొన్నాడు, రెండో రోజుకే కోళ్ళు వాసన కొట్టాయి. ఆ అనుభవంతోనే వాటర్ ప్లాంటుకు మోటారు కొన్నాడు, అది చప్పుడు చేసింది గాని నీళ్ళు పోయలేదు. రెండు వ్యాపారాలూ ఖతం. అనుభవం మాత్రం ఏటేటా పెరుగుతూనే ఉంది.

ఇల్లు నా మిషన్ల మీద నడిచేది. నేను జాకెట్లు కుడతాను, చీరలకు ఫాల్, పీకో వేస్తాను. మెయిన్ రోడ్డుకు ఆనుకొని ఒక మడిగె, అదే దుకాణం గది, దానికి ఒక షట్టరు, లోపల మూడు మిషన్లు. ఆ మడిగెకు ఏళ్ళ తరబడి కిరాయి కట్టాను. ఈ కిరాయంతా కూడబెడితే మడిగే నాదయ్యేది కదా అని అనుకోని నెల లేదు. మొన్నటి ఎండాకాలం దాని యజమాని, మోకాళ్ళ నొప్పులతో సతమతమయ్యే పెద్దాయన, ఉన్న మడిగెలన్నీ అమ్మి చేతులు దులుపుకుంటానని చెప్పాడు. "బిడ్డా, నువ్వు పాతదానివి. ముందుగాల నీకే. ఆదివారం దాక ఇంకెవ్వరికి మాటియ్య. బయానా తెచ్చుకో" అన్నాడు.

నా పేరు మీదున్న చిట్టీ పాడుకున్నాను. ఆ డబ్బు బట్టసంచీలో ఇంటికి తెచ్చుకున్న రోజు సంతోషంతో నాకు అన్నం దిగలేదు. షట్టరు మీద ఏ రంగు వేయించాలో, కిటికీ ఎటు పెట్టించాలో పడుకొని ఆలోచించాను. ఇన్నేళ్ళలో గోడకు ఒక మేకు కొట్టాలన్నా ఆ పెద్దాయనను అడిగిన దాన్ని. ఆ సంచీలో ఉన్నది నా మడిగె బయానా, బేరం ఖాయం చేసే సొమ్ము. ఇంకొకటి కాదు. ఆ మాట ఇంట్లో అందరికీ చెప్పాను, అందరికన్నా ముందు మా ఆయనకు చెప్పాను.

అదే వారం మా ఆయనకు పడవ దొరికింది.

పడవంటే చేపలు పట్టేది కాదు. తెరచాప పడవ. నున్నటి ఫైబరు ఒళ్ళు, నిలువునా ఒక కంబం, దానికి గాలిగుడ్డ. హైదరాబాదులో షోకు చేసేవాళ్ళు హుస్సేన్ సాగర్‌లో తిప్పుతారే, అలాంటిది. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఓనరు అల్లుడు సరదాకి కొన్నాడట. ఇక్కడి సాగర్ డ్యాం నీళ్ళలో తిప్పుతానని మామగారింటికి తెచ్చాడట. ఒక్కసారి ఎక్కి, వాంతులు చేసుకొని, దాన్ని మిల్లులోనే వదిలేసి పోయాడట. ఇప్పుడు మిల్లు ఓనరు దాన్ని అమ్ముతున్నాడు. కోదాడ దగ్గర హైవే మీద దాబా ఉన్న మా ఆయన దోస్తుకు అది కావాలి. దాబా వెనక కుంటలో దాన్ని నిలబెడితే పెళ్ళికి ముందు ఫొటోలు దిగే జంటలు వరస కడతాయని ఆయన నమ్మకం. పెట్టుబడి సగం సగం. మా సగం ఎక్కడి నుంచి వస్తుందో చెప్పనక్కరలేదు.

"సీజన్‌ల ఒక్కో జంటకు ఐదు వేలు. లెక్క నువ్వే వేసుకో" అన్నాడు మా ఆయన.

"మడిగె సంగతేంది?" అన్నాను.

"మడిగె యాడికి పోతది? గాడనే ఉంటది. పడవ అట్ల గాదు. ఇయ్యాల ఉంటది, రేపు ఇంకెవడో ఎగరేసుక పోతడు."

"అవి నా పైసలు."

"నీయి నాయి అని ఎప్పటిసంది మొదలువెట్టినవ్?"

ఈ మాట తన డబ్బు గురించి ఆయన ఏనాడూ అనలేదు. అనే అవసరం రాలేదు, ఆయన దగ్గర డబ్బుంటే కదా. నేను ససేమిరా అన్నాను. ఆయన అలిగాడు. మా ఆయన అలిగితే ఇంట్లో తినడు, బయట బిర్యానీ తింటాడు, ఆ డబ్బు కూడా నా దగ్గరే తీసుకుంటాడు. చివరికి కోదాడ దోస్తు ఫోన్ చేసి "వదినగారూ, ఒక్కసారి వచ్చి చూడండి, మీకు నచ్చకపోతే వద్దనుకుందాం" అన్నాడు. మా ఆయన పక్కనుంచి "తెరచాప బట్టదే గద, బట్ట సంగతి నీకే ఎరుక, నువ్వు సూస్తే మంచిగుంటది" అన్నాడు. నన్ను అంత గౌరవంగా పిలిచిన రోజు అంతకుముందు లేదు. ఎందుకు పిలిచాడో తెలియని దాన్ని కాదు.

అయినా శనివారం బయలుదేరాను. పోయి, చూసి, వద్దని అందరి ముందూ మొహం మీద చెప్పి, సాయంత్రం నేరుగా పెద్దాయన ఇంటికి పోయి బయానా ఇవ్వాలని నా లెక్క. సంచీ ఇంట్లో పెడితే బీరువా తాళం ఎక్కడుంటుందో మా ఆయనకు తెలుసు. అందుకే వెంట తీసుకుపోయాను.

కోదాడలో దిగేసరికి ఎండ చుర్రుమంటున్నది. దోస్తు మమ్మల్ని దాబా వెనక్కి తీసుకుపోయి కుంట చూపించాడు. చేపలు పెంచుదామని తవ్వించి, చేపలు చచ్చాక వదిలేసిన గుంత అది. ఒడ్డున హృదయం ఆకారంలో ఇనుప చువ్వల కమాను, దానికి ప్లాస్టిక్ పూలు. నీళ్ళు ఆకుపచ్చగా ఉన్నాయి. నడిమధ్యన ఒక బర్రె నిలబడి ఉంది, దాని వీపు తడవలేదు.

"మీరు ఊహించుకోండి వదినగారూ" అన్నాడు దోస్తు. "సాయంత్రం ఎండ. తెల్ల తెరచాప. పెళ్ళికూతురు ఇట్టా చెయ్యి చాపుద్ది."

"లోతెంత ఉంటది?" అన్నాను.

"నడుం దాకా ఉంటదండీ."

"పడవ నడవాలంటే గాలి గావాలె గద?"

"గాలెందుకండీ? ఆ ఒడ్డు నుంచి ఇద్దరు మనుషులు తాడు కట్టి లాగుతారు. ఫొటోలో తాడు కనపడదు."

మా ఆయన "సూసినవా ఐడియా" అన్నట్టు నా వైపు చూశాడు. తాడుతో లాగే పడవకు తెరచాప ఎందుకు, తెరచాప లేకపోతే ఇంత ధర ఎందుకు అని అడగాలనిపించింది. ఎవరిని అడగాలి? ఒకడు చేపలను చంపినవాడు, ఇంకొకడు చచ్చిన కోళ్ళను కుళ్ళబెట్టినవాడు. నోరు మూసుకొని దోస్తు కారెక్కాను. హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ దాకా ఇద్దరూ ముందు సీట్లలో కూర్చొని పడవకు ఏం పేరు పెట్టాలా అని వాదించుకున్నారు.

యాసంగి వడ్లు వచ్చే రోజులు. మిల్లుల ముందు ట్రాక్టర్లు, లారీలు బారులు తీరి ఉన్నాయి. మా పుట్టిల్లు నడిగూడెం. నాన్న ఆ బారులోనే రెండేసి రోజులు నిలబడేవాడు. మిల్లు గుమస్తా గుప్పెడు వడ్లు తీసి తేమ చూసే మిషన్లో పోసేవాడు. తేమ ఎక్కువుంది అనేవాడు. అంటే బస్తాకు ఇంత తరుగు అని తీసి మిగతాదానికే లెక్క కట్టేవారు. నీళ్ళకు మేం డబ్బు ఇవ్వం అనేది వాళ్ళ మాట. వడ్లు నిజంగా తడిసి ఉన్నాయా, గుమస్తా చెయ్యి తడపలేదనే అలా అంటున్నాడా అని ఎవరూ అడిగేవారు కాదు. నాన్న ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా కాళ్ళు కడుక్కునేవాడు.

పడవ బాయిలరు వెనక ట్రాలీ మీద ఉంది. ఒకప్పుడు తెల్లది, ఇప్పుడు ఊక బూడిద పట్టి మాసిన బొంత రంగుకు తిరిగింది. దాని కంబాన్ని పీకి రెండు గోడల మధ్య దండెం కట్టారు, దాని మీద హమాలీల లుంగీలు ఆరుతున్నాయి. పైన కప్పిన పట్టా ఏమీ లేదు. వానలకు అది అక్కడే ఉందని, నిండితే ముంచి పోసేవాళ్ళమని ఒక హమాలీ సంతోషంగా చెప్పాడు.

మా ఆయన ముందు గోడ వైపు చూశాడు. తర్వాత పడవ చుట్టూ తిరిగాడు. తన్నడానికి పడవకు టైరు లేదు. ఒక్క నిమిషం ఆయన మొహంలో నిజంగా పరేషాన్ కనిపించింది. అంతలో ట్రాలీ టైరు కనిపించింది. దాన్ని తన్నాడు, చప్పుడు విన్నాడు, ఆకాశం వైపు తిరిగి "లక్షన్నర" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. దగ్గు వచ్చినట్టు కొంగు అడ్డం పెట్టుకున్నాను.

"మూడు" అన్నాడు మిల్లు ఓనరు. తెల్ల లాల్చీ, బంగారు బ్రేస్‌లెట్టు, మాటకు ముందు ఒక చిన్న నవ్వు.

"ఏ లెక్కన మూడు?" అన్నాడు మా ఆయన.

"మరి మీది ఏ లెక్కన ఒకటిన్నర?"

ఇద్దరి దగ్గరా లెక్క లేదు. కొత్తది ఎంతకు వస్తుందో ఎవరికీ తెలియదు. పడవ ఎన్నేళ్ళదో తెలియదు. నీళ్ళలో పెడితే ఏ పక్కకు ఒరుగుతుందో తెలియదు. దాన్ని ఎక్కి తిప్పిన ఒక్క మనిషి ఆ చుట్టుపక్కల లేడు. ఇంతమంది తెలియనివాళ్ళు కలిసి ఒక ధరను న్యాయమైనదని తేల్చబోతున్నారు, దానికి నా సంచీ కావాలి.

నన్ను చూడమన్నది తెరచాప కదా, చూశాను. ఒక గోనెసంచీలో కుక్కి తెచ్చి నా ముందు వేశారు. ఎలుకలు కొట్టిన చిల్లులు సరే, అవి మాసికలతో పోతాయి. నేను బట్టను రెండు బొటనవేళ్ళ మధ్య పట్టి లాగాను. చిరిగింది. ఇంకోచోట లాగాను. అక్కడా చిరిగింది. ఎండకు పోగు చచ్చిపోయింది, దాని మీద సూది పడితే అదే దారిన చినుగుతూ పోతుంది.

"ఇది బట్ట గాదు. పారేయాలె" అన్నాను.

"పారేస్తే పోయె. ఇంట్లనే టైలరుంది. కొత్తది కుడతది" అన్నాడు మా ఆయన, అందరూ వినేలా.

"బట్టకెంత, కూలికెంత?"

"కూలేందే? నీ చెయ్యే గద."

కోదాడ దోస్తు మెచ్చుకోలుగా తల ఊపాడు. మిల్లు ఓనరు కూడా ఊపాడు. అంత పెద్ద గుడ్డను నేను ఎన్ని రోజులు కుట్టాలో, ఆ రోజుల్లో ఎన్ని జాకెట్లు పోతాయో అక్కడ ఎవరికీ అక్కరలేదు. నా చేయి ఆయన లెక్కలో ఊరికే వచ్చే వస్తువు. నాకు ఒళ్ళు మండింది. సంచీని ఒళ్ళోకి ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నాను.

బేరం తెగడం లేదని మిల్లు ఓనరు ఒక బ్రోకరును పిలిపించాడు. ఎడ్ల సంతల్లో బేరాలు చేసిన మనిషి, ఎడ్లు తగ్గాక కోత మిషన్లకు మారాడు. వస్తూనే భుజం మీది తువాల తీసి, మా ఆయన చేతిని, మిల్లు ఓనరు చేతిని పట్టి, పైన తువాల కప్పాడు. ఎడ్ల బేరం అంతే, నోటితో ధర చెప్పరు, తువాల కింద వేళ్ళు పట్టి చెప్పుకుంటారు. చుట్టూ ఉన్నవాళ్ళకు తెలియకూడదని ఆ కట్టడి. ఇక్కడ చుట్టూ ఉన్నది ఎవరు? నేను, దోస్తు, లుంగీలు.

"ఎంతంటున్నరు?" అన్నాను.

"తువాల కింది మాట బైటికి రాదమ్మా" అన్నాడు బ్రోకరు నా వైపు తిరగకుండానే.

నా డబ్బు, ఆయన వేళ్ళు, వాడి తువాల. కోపం కన్నా అసహ్యం వేసింది. తువాల కింద కాసేపు పిసుక్కున్నా వేళ్ళు కలవలేదు. అప్పుడు బ్రోకరు తువాల దులిపి భుజం మీద వేసుకొని, ఇంత చిన్న సంగతి తట్టలేదా అన్నట్టు అందరినీ చూశాడు.

"ఎద్దుకు పండ్లు సూస్తం. బర్రెకు పాలు సూస్తం. దీనికేముంది సూడనీకి? ఫైబర్ మాల్. మాల్ అంటే బరువే. క్వింటాలుకు ఇంత అని రేటు అనుకోండ్రి. కాంటా మీద పెట్టుండ్రి. కాంటా మీద మీకిద్దరికి నమ్మకమేనా?"

ఇద్దరికీ నమ్మకమే. ఇద్దరి మొహాలూ వెలిగాయి. మిర్యాలగూడలో కాంటా ఎక్కని వస్తువు ఉండదు, కాంటా ఎక్కితే ఇంక వాదన ఉండదు. మళ్ళీ తువాల పరిచారు, ఈసారి వేళ్ళు చప్పున కలిశాయి. క్వింటాలుకు డెబ్భై వేలు. ఇది మాత్రం పైకి చెప్పారు, గుమస్తా లెక్క కట్టాలి కదా. పడవ రెండు క్వింటాళ్ళుంటుందని మా ఆయన అంచనా. అంటే తాను ఆకాశానికి చెప్పిన అంకే గెలిచినట్టు. నా వైపు చూసి కనుబొమ్మలు ఎగరేశాడు.

ముందు ఇంకో ఖాళీ ట్రాలీని లారీల కాంటా మీద పెట్టి తూచారు. తర్వాత పడవను దాని మీదికి ఎత్తమన్నారు. నలుగురు హమాలీలు పట్టారు, కదలలేదు. ఇంకో నలుగురిని పిలిచారు. ఎత్తి ఒక పక్కకు వంచినప్పుడు పడవ లోపల, ఆ రెండు పొరల ఫైబరు మధ్యలో, గడగడమని ఏదో ఇటు నుంచి అటు పోయింది. నేను విన్నాను. హమాలీలు విన్నారు. ధర కట్టే ముగ్గురూ కాంటా గదిలో ఎర్ర అంకెల వైపు చూస్తున్నారు.

నాలుగు క్వింటాళ్ళకు కాస్త తక్కువ తూగింది.

మా ఆయన మొహం ఒక్క క్షణం మాడిపోయింది. కోదాడ దోస్తు ఆయన భుజం తట్టి "గట్టి మాల్ అండీ" అన్నాడు. అంతే, మొహం తిరిగి వెలిగింది. "మరి? బరువుందంటే మాల్ ఉన్నట్టే. రేకు డబ్బా అనుకున్నవా" అన్నాడు నాతో. మిల్లు ఓనరు చిన్న నవ్వు నవ్వాడు. ఆయన అడిగిన మూడు లక్షలకు దగ్గరికే వచ్చింది లెక్క.

నేను లేచి కాంటా మీదికి పోయాను. పడవ అడుగున ఒక పగులు నుంచి చుక్క చుక్కగా కారుతున్నది. వేలు పెట్టి వాసన చూశాను. నాలుగు రోజులు నిలవున్న కుడితి వాసన. చివరి వాన పడి ఎన్నో నెలలైంది. ఆ ఎండకు నేలంతా పగిలి ఉంది, పడవ మాత్రం లోపల తడిగా ఉంది. పొరల మధ్యకు నీళ్ళు దిగి, లోపలి చెక్కంతా నాని కుళ్ళిపోయింది. ఆ బరువంతా మాల్ కాదు, పాత వాన.

"సేటూ" అన్నాను మిల్లు ఓనరుతో. "రైతు వడ్లు తెస్తే తేమ సూసి తరుగు తీస్తరు. మీ పడవకు తేమ సూడరా? కింద నీళ్ళు కారుతున్నయ్. నీళ్ళకు గూడ డెబ్భై వేలేనా?"

కాంటా దగ్గర బారులో ఉన్న ట్రాక్టర్ల మీది రైతులు ఫక్కున నవ్వారు. ఒకాయన "బాగడిగినవ్ బిడ్డా" అన్నాడు. నాకు నాన్న గుర్తొచ్చాడు. మిల్లు ఓనరు నవ్వు మొదటిసారి పోయింది. అందరూ వంగి పడవ అడుగు చూశారు. హమ్మయ్య, ఇప్పుడు అర్థమైంది, ఇంక ఇంటికి పోవచ్చు అనుకున్నాను.

నాకే అర్థం కాలేదు.

"న్యాయమే మాట్లాడారండీ అమ్మగారు" అన్నాడు మిల్లు ఓనరు బ్రేస్‌లెట్టు సర్దుకుంటూ. "తరుగు తీసుకోండి. క్వింటాలుకు పది కిలోలు."

"పదిహేను" అన్నాడు బ్రోకరు.

"పన్నెండు."

"ఖరార్" అన్నాడు మా ఆయన.

నేను చెప్పింది కుళ్ళిన పడవ అని. వాళ్ళు విన్నది తరుగు అని. మా ఆయన రెండు చేతులూ నడుం మీద పెట్టుకొని చుట్టూ చూశాడు. "మా ఇంటిదంటే ఏమనుకున్నరు? ఒక్క మాటల ముప్పై వేలు దించింది" అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో నలుగురి ముందు నన్ను పొగడడం అదే మొదలు. పొగిడింది కూడా ఎందుకు? కుళ్ళిన వస్తువును కాస్త తక్కువకు అంటగట్టించుకున్నందుకు.

"లోపల కుళ్ళింది అంటున్న. నీళ్ళల్ల పెట్టి సూడుండ్రి" అన్నాను.

"సాగర్ కాలువ బందున్నదమ్మా ఇప్పుడు, నీళ్ళెక్కడివి" అన్నాడు మిల్లు ఓనరు.

"పర్లేదులే వదినగారూ. మునిగినా మా కుంట నడుం లోతే" అన్నాడు కోదాడ దోస్తు.

మా ఆయన నా ముందుకొచ్చి చేయి చాపాడు. ఉత్త చేయి. ఇంట్లో సాయంత్రం పూట బిర్యానీకి చాపే చేయే.

"నేను ఇయ్య" అన్నాను.

"మాటిచ్చిన" అన్నాడు, గొంతు తగ్గించి.

"ఇచ్చినవు. నీ మాట నువ్వు ఇచ్చినవు. నీ పైసలు నువ్వు ఇయ్యి."

"నలుగుర్ల నా ఇజ్జత్ తీస్తున్నవ్."

"నీ ఇజ్జత్ గూడ కాంటా మీద పెట్టు. తరుగు పోను ఎంతొస్తే అంత తీసుకో."

ఈసారి ట్రాక్టర్ల మీద ఎవరూ నవ్వలేదు. మా ఆయన మొహం చూసి ఉంటే జాలి పడేదాన్నేమో, చూడలేదు. సంచీ చంకలో పెట్టుకొని గేటు దాటి, ఆటో ఎక్కి, బస్టాండులో సూర్యాపేట బస్సు పట్టుకున్నాను. ఆడవాళ్ళకు బస్సు ఉచితం, జీరో టికెట్టు, సంచీ ముడి విప్పే పని కూడా పడలేదు. కిటికీ పక్కన కూర్చున్నాక సంచీ ముడి ఇంకోసారి బిగించాను. తర్వాత నవ్వు వచ్చింది. పక్కనున్న ఆమె ఏమైందమ్మా అంటే, పడవ కొనలేదు అన్నాను. ఆమె ఇంక నాతో మాట్లాడలేదు.

ఆ పడవను తర్వాత కోదాడ దోస్తే ఇంకా తక్కువకు కొన్నాడట. అది మునగలేదు. కుంటలోకి దింపబోతే అడుగు ఊడి వచ్చిందని దాబా ముందే నిలబెట్టి, అందులో కూల్‌డ్రింక్స్ కేసులు పెట్టాడు. ధర మాత్రం న్యాయంగానే పడిందని ఇప్పటికీ చెప్తాడు, మా ఆయన అవునంటాడు.

సూర్యాపేటలో దిగేసరికి ఎండ తగ్గింది. ఇంటికి పోలేదు. అనుకున్నట్టే నేరుగా పెద్దాయన ఇంటికి పోయాను. ఆయన వాకిట్లో కుర్చీ వేసుకొని మోకాళ్ళకు నూనె రాసుకుంటున్నాడు. నేను సంచీ ముడి విప్పి ఆయన ముందు పెట్టాను.

"ఇదేంది బిడ్డా?" అన్నాడు.

"బయానా. మడిగెకు."

ఆయన నూనె చెయ్యి తువాలకు తుడుచుకొని, నన్ను, సంచీని మార్చి మార్చి చూశాడు. "మడిగె అయిపోయె గద బిడ్డా. సెల్‌ఫోన్లోళ్ళకిచ్చిన. మధ్యాహ్నమే బయానా పట్టిన."

"ఆదివారం దాక ఆగుతనన్నరు" అన్నాను.

"ఆగుదుననే అనుకున్న. పొద్దుగాల మీ ఆయన ఫోన్ చేసిండు. మాకు మడిగె వద్దు, ఎవరికన్న ఇచ్చుకోండ్రి అన్నడు. ఆయన చెప్తే నువ్వు చెప్పినట్టే గద" అన్నాడు పెద్దాయన. అందులో ఆయనకు తప్పేమీ కనిపించలేదు. ఆయన నీకు చెప్పలేదా అని నిజంగానే ఆశ్చర్యపోయాడు.

పొద్దున. పడవను చూడకముందే, ధర అనుకోకముందే. నేను తలుపుకు తాళం వేస్తున్నప్పుడు ఆయన ఫోన్ పట్టుకొని రోడ్డు మీద నిలబడి ఉండొచ్చు. అరుగు మీద కూర్చుండిపోయాను. పెద్దాయన లోపలికి కేకేసి నీళ్ళు తెమ్మన్నాడు. అవి తాగి ఒక్కటే అడిగాను.

"మడిగె ఎంతకిస్తున్నరని అడిగిండా?"

పెద్దాయన గుర్తు చేసుకున్నాడు. "లేదు బిడ్డా. ధర అడగనే లేదు. వద్దన్నడు, పెట్టేసిండు."

ఇప్పుడు వెనక సందులో ఇంకో కిరాయి మడిగెలో కుడుతున్నాను. డబ్బు నా పేరు మీద బ్యాంకులో ఉంది. మా ఆయన ఇప్పటికీ జనం వెంట పోయి టైర్లు తన్ని ధరలు చెప్తున్నాడు. నా మడిగె ధర ఎంతో మాత్రం ఆయనకు ఈ రోజుకీ తెలియదు.